పంచడం కాదు.. పంచగలమో లేదో తేల్చడం!

లెక్క ఇస్తే జవాబు తేల్చాలి. బడిలో నేర్పిందీ, కోచింగ్‌లో రుద్దిందీ ఇదే. ఎంత త్వరగా తేలిస్తే అంత తెలివైన విద్యార్థి అన్నమాట. పదో తరగతి, ఇంటర్, ఎంట్రన్స్‌లు అన్నీ ఈ బాటలోనే గడిచిపోతాయి. తీరా డిగ్రీ పూర్తయి పోటీ పరీక్షల గడప తొక్కాక ఒక విభాగం ఎదురు తిరుగుతుంది. అది జవాబు అడగదు. ‘జవాబు చెప్పడానికి సరిపడా సమాచారం ఉందా, లేదా?’ అని మాత్రమే అడుగుతుంది. అదే డేటా సఫిషియెన్సీ. మన పుస్తకాల్లో దత్తాంశ పర్యాప్తత అంటున్నారు. లెక్కల్లో దిట్టలనుకున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

దీన్ని చిన్న విషయంగా తీసిపారేయడానికి లేదు. ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు రాసే ఐసెట్‌లో 200 ప్రశ్నలుంటే అందులో 20 డేటా సఫిషియెన్సీవే. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలంటే ఒక్కోదానికి సగటున 45 సెకన్లు. బ్యాంకు పీవో మెయిన్స్‌లోనూ ఈ తరహా ప్రశ్నలు కనిపిస్తుంటాయి. అక్కడ తప్పు జవాబుకు పావు వంతు కోత. విదేశాల్లో మేనేజ్‌మెంట్ కోర్సులకు వెళ్లేవారు రాసే జీమ్యాట్‌ను 2023 చివర్లో కొత్త రూపంలోకి మార్చారు. అప్పుడు జామెట్రీని తీసేశారు కానీ డేటా సఫిషియెన్సీని వదల్లేదు. క్వాంటిటేటివ్ విభాగం నుంచి తీసి డేటా ఇన్‌సైట్స్ అనే విభాగంలో పెట్టారు. ఇది లెక్కల పరీక్ష కాదు, నిర్ణయం తీసుకునే తీరుకు పరీక్ష అన్న సంగతి ఆ మార్పులోనే కనిపిస్తుంది.

ఈ విభాగంలో వచ్చే ప్రశ్నల్లో ‘సమానంగా పంచడం’ ఒక ముఖ్యమైన రకం. లడ్డూలు, పెన్నులు, పళ్లు, నోటుబుక్కులు.. ఇంతమందికి మిగలకుండా పంచవచ్చా అని అడుగుతారు. దీనికి కావలసిన గణితం హైస్కూలు దాటదు. గుణిజాలు, కారణాంకాలు, శేషం, క.సా.గు. అంతే. అయినా మార్కులు పోతున్నాయంటే లోపం గణితంలో లేదు, ప్రశ్నను అర్థం చేసుకోవడంలో ఉంది. అదెలాగో కొన్ని ఉదాహరణలతో చూద్దాం.

‘కాదు’ కూడా జవాబే

రెండు బుట్టల్లో పళ్లున్నాయి. రెండింటినీ కలిపి అయిదుగురికి మిగలకుండా సమానంగా పంచవచ్చా? ఇదీ ప్రశ్న. ఒకటో స్టేట్‌మెంట్: మొదటి బుట్టలో పళ్లను అయిదుగురికి పంచితే 2 మిగులుతాయి. రెండో స్టేట్‌మెంట్: రెండో బుట్టలో పళ్లను అయిదుగురికి పంచితే 3 మిగులుతాయి.

ఒక్కో స్టేట్‌మెంట్‌ను విడిగా చూస్తే రెండో బుట్ట సంగతి తెలియదు, లేదా మొదటి బుట్ట సంగతి తెలియదు. కాబట్టి విడిగా ఏదీ చాలదు. రెండూ కలిపితే మిగిలినవి 2, 3. మొత్తం 5. వాటినీ అయిదుగురికి తలా ఒకటి ఇచ్చేయవచ్చు. జవాబు ‘అవును’. రెండూ కలిపితే సరిపోతాయి.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. ‘అసలు పళ్లు ఎన్నో చెప్పనే లేదు కదా!’ అంటారు. నిజమే, చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. మొత్తం 10 అయినా, 1000 అయినా జవాబు మారదు. అడిగింది ‘పంచవచ్చా’ అని. ‘ఎన్ని’ అని కాదు.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. రెండో బుట్టలో 3 బదులు 2 మిగిలాయనుకోండి. మొత్తం మిగిలినవి 4. అయిదుగురికి సరిపోవు. అంటే పంచలేం. మరి సమాచారం సరిపోయినట్టా, సరిపోనట్టా? చాలామంది ‘సరిపోదు’ దగ్గర టిక్కు పెట్టేస్తారు. తప్పు. ‘పంచలేం’ అని ఖాయంగా చెప్పగలిగాం కదా, అదీ జవాబే. ఖాయమైన ‘అవును’ ఎంత విలువైనదో ఖాయమైన ‘కాదు’ కూడా అంతే విలువైనది. ‘ఒకసారి అవును, ఒకసారి కాదు’ వచ్చినప్పుడే సమాచారం చాలనట్టు. ఈ ఒక్క ముక్క మనసుకు పట్టించుకుంటే అవును-కాదు ప్రశ్నల్లో సగం చిక్కు వీడిపోతుంది.

గుణించేయకండి, ఆగండి

పెట్టెలో ఉన్న లడ్డూలను 12 మందికి మిగలకుండా పంచవచ్చా? ఒకటో స్టేట్‌మెంట్: నలుగురికి మిగలకుండా పంచవచ్చు. రెండో స్టేట్‌మెంట్: ఆరుగురికి మిగలకుండా పంచవచ్చు.

ఒకటో స్టేట్‌మెంట్ ప్రకారం లడ్డూలు 4 ఉండొచ్చు, 12 ఉండొచ్చు. 4 అయితే 12 మందికి రావు, 12 అయితే వస్తాయి. చాలదు. రెండో దాని ప్రకారం 6 ఉండొచ్చు, 12 ఉండొచ్చు. ఇదీ చాలదు. రెండూ కలిపితే ఆ సంఖ్యను 4, 6 రెండూ భాగించాలి. అంటే అది వాటి క.సా.గు. అయిన 12కు గుణిజం. జవాబు ఖాయంగా ‘అవును’. రెండూ కలిపితే సరిపోతాయి.

ఇవే రెండు స్టేట్‌మెంట్లు ఉంచి, ప్రశ్నలో 12 బదులు 24 అని పెట్టి చూడండి. 4×6=24 కదా అని గబగబా ‘సరిపోతుంది’ అనేస్తే దెబ్బతిన్నట్టే. లడ్డూలు 12 ఉంటే నలుగురికీ, ఆరుగురికీ పంచవచ్చు కానీ 24 మందికి పంచలేం. 24 ఉంటే పంచగలం. అంటే రెండూ కలిపినా చాలదు. 4కూ 6కూ 2 అనే ఉమ్మడి కారణాంకం ఉంది. దాన్ని రెండుసార్లు లెక్కేయకూడదు. అదే 4, 5 ఇచ్చి ఉంటే ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 20 మందికి పంచవచ్చని గుణించి చెప్పొచ్చు. పేపరు తయారుచేసేవారు 4, 6 లేదా 6, 9 లాంటి జంటలు ఇస్తే అక్కడ ఉచ్చు ఉందేమో చూసుకోవాలి.

ఇంకో మాట. 24 మందికి మిగలకుండా పంచగలిగితే 12, 8, 6, 4, 3, 2.. ఎంతమందికైనా పంచగలం. ఇవన్నీ 24కు కారణాంకాలు. కానీ ఈ దారి వెనక్కి నడవదు. ఎనిమిది మందికి పంచగలిగినంత మాత్రాన 24 మందికి పంచగలమన్న హామీ లేదు. స్టేట్‌మెంట్‌లో ఇచ్చిన సంఖ్య ప్రశ్నలోని సంఖ్యకు గుణిజమైతే ఇక లెక్క చేయనక్కర్లేదు, ఆ స్టేట్‌మెంట్ సరిపోతుంది.

రెండు ఉదాహరణలు ఎప్పుడు చాలు?

మామిడిపళ్లను 15 మందికి సమానంగా పంచవచ్చా? ఒకటో స్టేట్‌మెంట్: పది మందికి పంచితే 3 మిగులుతాయి. రెండో స్టేట్‌మెంట్: తొమ్మిది మందికి పంచితే 3 మిగులుతాయి.

ఒకటో దాని ప్రకారం పళ్ల సంఖ్య 13, 23, 33.. ఇలా ఎప్పుడూ 3తోనే ముగుస్తుంది. 3తో ముగిసే సంఖ్యను 5 భాగించదు. 5 భాగించకపోతే 15 కూడా భాగించదు. కాబట్టి పంచలేమన్నది ఖాయం. ఒకటో స్టేట్‌మెంట్ ఒక్కటే సరిపోతుంది.

రెండో దానికి వద్దాం. 12 పళ్లు? 15 మందికి రావు. 21? రావు. రెండుసార్లు ‘కాదు’ వచ్చింది కదా, ఇక ఎప్పుడూ కాదేమో అనిపిస్తుంది. మూడోది చూడండి: 30. తొమ్మిది మందికి తలా 3 ఇస్తే 27 పోను 3 మిగులుతాయి. అదే 30 పళ్లను 15 మందికి తలా 2 చొప్పున భేషుగ్గా పంచవచ్చు. ‘కాదు’ కాస్తా ‘అవును’ అయింది. రెండో స్టేట్‌మెంట్ చాలదు.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. సమాచారం చాలదని నిరూపించడానికి రెండు ఉదాహరణలు చాలు.. ఒకటి ‘అవును’ ఇచ్చేది, ఒకటి ‘కాదు’ ఇచ్చేది. కానీ సరిపోతుందని చెప్పడానికి రెండు కాదు, పది ఉదాహరణలు ఒకే జవాబు ఇచ్చినా చాలదు. దానికి కారణం కావాలి. పైన ‘3తో ముగుస్తుంది కాబట్టి 5 భాగించదు’ అన్నది కారణం. ‘12కు, 21కి రాలేదు’ అన్నది ఉదాహరణ మాత్రమే. ఈ తేడా తెలియకే మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లు కూడా ఈ విభాగంలో జారిపోతున్నారు.

‘ఎన్ని’ అని అడిగితే..

‘పంచవచ్చా’ అన్నది ఒక రకం. ‘ఎన్ని ఉన్నాయి’ అన్నది ఇంకో రకం. ఇక్కడ ఒకే ఒక్క సంఖ్య తేలితేనే సరిపోయినట్టు. రెండు సంఖ్యలకు అవకాశం ఉన్నా చాలనట్టే.

గుడిలో పోగైన కొబ్బరికాయలు ఎన్ని? ఒకటో స్టేట్‌మెంట్: ఎనిమిది మందికి పంచినా, ఆరుగురికి పంచినా 5 మిగులుతాయి. రెండో స్టేట్‌మెంట్: అవి 40కి ఎక్కువ, 70కి తక్కువ. ఎనిమిది, ఆరుల క.సా.గు. 24. కాబట్టి ఒకటో స్టేట్‌మెంట్ ప్రకారం కాయలు 5, 29, 53, 77.. ఇలా 24 పెరుగుతూ పోతాయి. ఒక్కదానికి తేలదు. రెండో స్టేట్‌మెంట్ ఒక్కటే ఉంటే 41 నుంచి 69 వరకు ఏదైనా కావచ్చు. రెండూ కలిపితే 53 ఒక్కటే మిగులుతుంది. సరిపోతాయి. రెండో స్టేట్‌మెంట్‌ను ‘20కి ఎక్కువ, 60కి తక్కువ’ అని మార్చండి. 29, 53 రెండూ ఇమిడిపోతాయి. ఇక చాలదు. హద్దులు ఇచ్చారు కదా అని ‘సరిపోతుంది’ అనుకోకూడదు. ఆ హద్దుల మధ్య ఎన్ని సంఖ్యలు పడతాయో లెక్కపెట్టాల్సిందే.

మిగిలినదాన్ని బట్టి మొత్తాన్ని పట్టుకోవడం మన దేశంలో పాత విద్యే. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు ఇలాంటి లెక్కలకు కుట్టకం అనే పద్ధతి చెప్పాడు. ఇలాంటి లెక్కకు ఒక జవాబు దొరికితే, క.సా.గు. కలుపుకుంటూ పోతే అంతులేనన్ని జవాబులు వస్తాయన్నదే ఇందులో కీలకం. అందుకే హద్దు చెప్పే రెండో స్టేట్‌మెంట్‌కు అంత విలువ.

కళ్ల ముందే ఉండే షరతు

‘రెండు తెలియనివి ఉంటే రెండు సమీకరణాలు కావాలి’ అన్న సూత్రాన్ని చాలామంది గుడ్డిగా నమ్ముతారు. ఈ లెక్క చూడండి. పెన్ను 7 రూపాయలు, నోటుబుక్కు 11 రూపాయలు. సరిగ్గా 100 రూపాయలకు రెండూ కొన్నారు. పెన్నులెన్ని? తెలియనివి రెండు, సమీకరణం ఒక్కటే. సూత్రం ప్రకారం ‘చాలదు’ అనాలి. కానీ పెన్నును ముక్కలు చేసి కొనరు కదా! సంఖ్యలు పూర్ణాంకాలే కావాలి. నోటుబుక్కులు ఒకటి, రెండు, మూడు.. అని వేసి చూస్తే నాలుగింటి దగ్గర 44 పోను 56 మిగులుతుంది. అది 8 పెన్నులకు సరిగ్గా సరిపోతుంది. తొమ్మిది బుక్కుల దాకా చూసినా ఇంకెక్కడా కుదరదు. ఒకే జవాబు. సరిపోతుంది.

పంచే లెక్కల్లోనూ ఇంతే. నోటుబుక్కులను కొందరు పిల్లలకు మిగలకుండా సమానంగా పంచారు. ఒక్కొక్కరికి ఎన్ని? ఒకటో స్టేట్‌మెంట్: మొత్తం నోటుబుక్కులు 60. రెండో స్టేట్‌మెంట్: పిల్లలు 10 మందికి ఎక్కువ, 15 మందికి తక్కువ. కలిపి చూస్తే 11 నుంచి 14 వరకు 60ని భాగించేది 12 ఒక్కటే. ఒక్కొక్కరికి 5. సరిపోతాయి. అదే మొత్తం 84 అయితే 12 మందీ కావచ్చు, 14 మందీ కావచ్చు. చాలదు. ‘మిగలకుండా’ అన్న ఆ ఒక్క మాటే ఇక్కడ మూడో స్టేట్‌మెంట్‌లా పనిచేస్తుంది. ప్రశ్నను పైపైన చదివేవారికి అది కనిపించదు.

ఈ లెక్కలోనే ఇంకో జారుడు మెట్టు ఉంది. ఒకటో స్టేట్‌మెంట్‌లో చదివిన 60 మనసులో ఉండిపోతుంది. రెండో దాన్ని విడిగా పరీక్షించేటప్పుడు తెలియకుండానే ఆ 60ని వాడేస్తాం. ‘రెండోది ఒక్కటే చాలు’ అని గుర్తు పెట్టేస్తాం. రెండో స్టేట్‌మెంట్ చదివే ముందు ఒకటో దాన్ని చేత్తో మూసేయండి. చూడటానికి చిన్న పనే, కానీ మార్కులు కాపాడుతుంది.

ఆప్షన్లు అన్ని చోట్లా ఒకటి కావు

ఇంత కష్టపడి సరిగ్గా ఆలోచించినవారు కూడా చివర్లో తప్పు అక్షరం గుర్తించి మార్కు పోగొట్టుకుంటారు. జీమ్యాట్‌లో అయిదు ఆప్షన్లు. అక్కడ ‘సి’ అంటే రెండూ కలిపితేనే సరిపోతాయని. బ్యాంకు పరీక్షల్లో తరచూ కనిపించే వరుసలో ‘సి’ అంటే ఒకటో దానితోగానీ, రెండో దానితోగానీ విడిగానే జవాబు వస్తుందని. ఐసెట్ తరహాలో నాలుగే ఆప్షన్లు: ఒకటోది చాలు, రెండోది చాలు, రెండూ కలిస్తేనే చాలు, రెండూ కలిసినా చాలవు. ఒక పరీక్షకు బట్టీ పట్టింది ఇంకో పరీక్షలో ముంచుతుంది. ఆ రోజు పేపరు మీద ఉన్న సూచనలే ప్రమాణం. వాటిని చదవడానికి పెట్టే 20 సెకన్లు వృథా కావు.

మరో చిన్న తనిఖీ. సరిగ్గా తయారైన ప్రశ్నలో రెండు స్టేట్‌మెంట్లు ఒకదాన్నొకటి ఖండించవు. మీ లెక్కలో ఒకటో దానికి ఖాయంగా ‘అవును’, రెండో దానికి ఖాయంగా ‘కాదు’ వచ్చిందంటే ఎక్కడో పొరపడ్డారన్నమాట. వెనక్కి వెళ్లి చూసుకోండి. ఐసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలక్కర్లేదు. బ్యాంకు పరీక్షల్లో మాత్రం ఊహించి పెట్టే ముందు ఆలోచించండి.

షార్ట్‌కట్లతో వచ్చేది కాదు

ఈ విభాగానికి కూడా ‘10 సెకన్లలో జవాబు’ అంటూ చిట్కాలు అమ్ముతున్న కాలమిది. ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇందులో వేగం చిట్కాతో రాదు, లెక్కను ఎక్కడ ఆపాలో తెలిస్తే వస్తుంది. జవాబు ఒక్కటే వస్తుందని తేలిన క్షణంలో కలం కింద పెట్టాలి. ఆ జవాబు ఎంతో కనుక్కోవడానికి పెట్టే ప్రతి సెకనూ పక్క ప్రశ్న దగ్గర అప్పు చేసిందే.

సాధన కూడా అలాగే ఉండాలి. రోజుకు పది ప్రశ్నలు తీసుకోండి. ప్రతిదానికీ జవాబు అక్షరంతో ఆపేయకుండా ఒక వాక్యం రాయండి. చాలదంటే ‘అవును’ ఇచ్చే సంఖ్య ఒకటి, ‘కాదు’ ఇచ్చే సంఖ్య ఒకటి రాయండి. సరిపోతుందంటే ఎందుకో కారణం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే, జవాబు కరెక్టే అయినా మీకు ఆ లెక్క రానట్టే. వారం తర్వాత అవే ప్రశ్నల్లో ఒక్క అంకె మార్చి మళ్లీ చేయండి. పైన 12ను 24గా, 60ని 84గా మార్చి చూశాం కదా, అలాగన్నమాట. వంద కొత్త ప్రశ్నలు చేసినదానికంటే ఇలా 20 ప్రశ్నలను తిరగేసి చూసినదే ఎక్కువ నేర్పుతుంది.

కళాశాలలకూ ఇందులో బాధ్యత ఉంది. ప్లేస్‌మెంట్ శిక్షణ అంటే చివరి సంవత్సరంలో నాలుగు మోడల్ పేపర్లు చేయించడం కాదు. డిగ్రీ మొదటి సంవత్సరం నుంచే వారానికి ఒక గంట, జవాబు చెప్పొద్దు, సమాచారం చాలునో లేదో చెప్పమని విద్యార్థులతో చర్చ పెట్టించవచ్చు. దానికి ఖర్చు లేదు, ల్యాబ్ అక్కర్లేదు. నల్లబల్ల చాలు.

ఎందుకంటే ఈ ప్రశ్న పరీక్ష హాలు దాటాక కూడా వెంటే వస్తుంది. ఒక కంపెనీ ఏడాదికి 4 లక్షల 80 వేల ప్యాకేజీ ఇస్తానంటుంది. 12తో భాగిస్తే శేషం లేకుండా నెలకు 40 వేలు. లెక్క చక్కగా కుదిరింది. ఆ ధైర్యంతోనే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో గది మాట్లాడేసుకుంటారు, ఇంటికి నెలనెలా ఇంత పంపుతానని మాటిచ్చేస్తారు. కానీ నెలకు చేతికి వచ్చేదెంత అన్న ప్రశ్నకు ఆ ఒక్క అంకె చాలుతుందా? ఆ ప్యాకేజీలో కంపెనీ వాటా పీఎఫ్ కలిసి ఉందా, గ్రాట్యుటీ కలిపారా, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే ఎంత? ఇవేవీ తెలియకుండా 40 వేలు అనుకోవడం ఒకటో స్టేట్‌మెంట్ చూసి టిక్కు పెట్టడం లాంటిదే. ఆఫర్ లెటర్‌తో పాటు జీతం వివరాల పట్టిక అడగండి. బాండ్ ఉంటే ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవండి. అడగడంలో నామోషీ ఏమీ లేదు. సంతకం పెట్టాక అడిగితేనే ఇబ్బంది.

ఐసెట్‌లో ఆ 20 మార్కులు ముఖ్యమే. వాటి కోసమే మొదలుపెట్టండి. ఇవాళే పాత పేపరు ఒకటి తీసి, పంచే లెక్కలు నాలుగు ఏరుకుని, ఒక్కోదాని కింద ‘ఎందుకు చాలు, ఎందుకు చాలదు’ అని ఒక వాక్యం రాసి చూడండి. మొదటి రెండు వాక్యాలకు టైం పడుతుంది. మూడోది త్వరగా వస్తుంది.